గట్టు చెక్కిన గెలుపు

మా నాన్న ఏటా ఏరువాకకు ముందు ఒకరోజు పొద్దున్నే పార భుజాన వేసుకుని పొలం గట్టు చూసుకోవడానికి వెళ్లేవాడు. తెనాలి పక్కన, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ కింద మాకు నాలుగెకరాల మాగాణి ఉండేది. దమ్ము చేసేటప్పుడు గట్టు మట్టి కాస్త నాగలికి తగులుతుంది. ఒక ఏడు రెండు వేళ్లు, మరో ఏడు బెత్తెడు. పదేళ్లయ్యేసరికి మనిషి నడిచే గట్టు కోడిపిల్ల నడిచేంత అవుతుంది. పక్కచేను వాళ్లు చెక్కితే నాన్న పెద్దమనుషుల్ని పిలిచేవాడు. ఒక ఏడు మా పాలేరే మాకు కలిసొచ్చేలా అవతలి వైపు చెక్కి వచ్చాడు. ఆ సాయంత్రమే నాన్న వాడిచేత మళ్లీ మట్టి వేయించాడు. "మనకి కలిసొచ్చిందని ఇవాళ ఊరుకుంటే రేపు గట్టే లేదంటార్రా" అన్నాడు. అప్పుడు నాకు పదేళ్లుంటాయి.

తెలుగు పత్రికలు కుడిపక్షాన్ని మితవాద పక్షం అంటాయి. గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు అన్న రోజుల నుంచి ఈ మాట మనకు అలవాటు. తరువాత అది రాజాజీ, రంగా పెట్టిన స్వతంత్ర పార్టీకి అతుక్కుంది. ఇంగ్లీషువాళ్లు చెప్పే అర్థం ఏదైనా, తెలుగులో ఈ మాటకు వేరే బరువుంది. మితం అంటే హద్దు. ప్రభుత్వానికి ఒక హద్దు, డబ్బుకు ఒక హద్దు, పార్టీ మీద మనకుండే మోజుకు ఒక హద్దు ఉండాలనేవాడు మితవాది. నేను ఆ మాటను ఈ అర్థంలోనే నమ్ముతాను. ఆ పేరు పెట్టుకున్నవాళ్లను కూడా ఆ కొలతతోనే కొలవాలని నా పట్టు.

కొలవడానికి కృష్ణా డెల్టాలో రెండు ఎన్నికలు పక్కపక్కనే దొరుకుతాయి. ఒకటి 1955 ఫిబ్రవరి మధ్యంతరం, రెండోది 1962 ఫిబ్రవరి సాధారణ ఎన్నికలు. మధ్యలో ఏడేళ్లే. రెండింటిలోనూ నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా ఉన్నారు. మొదటిదాంట్లో మితవాదులు గెలిచారు, రెండోదాంట్లో ఓడారు. నా దృష్టిలో వాళ్లు తమ మాటకు కట్టుబడింది రెండోసారే.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఏడాది తిరగగానే, 1954 నవంబరులో, మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో 196 స్థానాలకు ఎన్నికలన్నారు. 1952లో ఇదే నేల మీద కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. విజయవాడ పార్లమెంటు స్థానంలో వాళ్ల మద్దతుతో కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలిచారు. ఈసారి ప్రభుత్వమే వాళ్లదవుతుందని ఊళ్లలో గట్టిగా అనుకున్నారు. శ్రీశ్రీ వాళ్ల తరఫున సభల్లో తిరిగారు. ఆశ ఒకవైపు ఎంత వేడిగా ఉందో భయం రెండోవైపు అంత చల్లగా పాకింది. నాలుగెకరాలున్న మా నాన్న కూడా భయపడ్డవాళ్లలో ఒకడు. పొలం పోతుందని ఒకరు, గుడి పోతుందని మరొకరు చెప్పిపోయేవారట. ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, ఆ చలికాలమంతా ఇంట్లో వేరే మాట లేదని అమ్మ అనేది.

ఆ భయం మూడు పక్షాలను ఒక పందిరి కిందకు తెచ్చింది. కాంగ్రెస్‌తో కలవలేక బయటికొచ్చిన ప్రకాశం పంతులు ప్రజాపార్టీ, కాంగ్రెస్‌తో పడక 1951లో రంగా పెట్టుకున్న కృషికార్ లోక్ పార్టీ మళ్లీ అదే కాంగ్రెస్‌తో కూటమి కట్టాయి. ప్రచారం నడిపించడానికి కాంగ్రెస్ అధిష్ఠానం బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను పంపింది. సరిగ్గా అదే జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజమే తన గమ్యమని తీర్మానించింది. ఇక్కడ నేను కాసేపు ఆగుతాను. డెల్టా రైతు తన భూమికి భయపడి ఓటు వేయబోతున్నాడు. ఆ ఓటు అడుగుతున్న పార్టీ అదే నెలలో సోషలిజం వైపు అడుగు వేసింది. కూటమిలో ఉన్న మితవాదులు ఆ తీర్మానాన్ని ఊరి సభలో ప్రశ్నించాల్సింది. ప్రశ్నిస్తే కూటమి బీటలు వారుతుందని, బీటలు వారితే ఎర్రజెండా వస్తుందని నోరు కట్టుకున్నారు. గట్టు చెక్కుతున్నది మనవాడేనని ఊరుకోవడం అక్కడ మొదలైంది.

ఫలితాలు చూస్తే కూటమికి 146 స్థానాలు. కమ్యూనిస్టులకు 15. వాళ్ల ఓట్లు మాత్రం పోయినసారి కంటే పెరిగి 31 శాతం దాకా వచ్చాయి. ఓటర్లలో దాదాపు మూడోవంతు మంది మాట సభలో పదమూడోవంతు గొంతుకే పరిమితమైంది. వెనకటిసారి చీలిన ఓట్లు ఈసారి కలిశాయి, అంతే. ఖర్చు మాటకొస్తే, అభ్యర్థి ఖర్చుకు చట్టం హద్దు పెట్టింది గానీ పార్టీ ఖర్చుకు పెట్టలేదు. కూటమి మొత్తానికి బయటి రాష్ట్రం నుంచి ఒక నిర్వాహకుడు వచ్చి కూర్చున్నాడంటే, ఆ డబ్బు ఏ అభ్యర్థి ఖాతాలోనూ పడదు. ఆ సందును ఆ ఎన్నికల్లో ఎవరూ తప్పుపట్టలేదు. గెలిచినవాళ్లకు అది కలిసొచ్చింది.

పత్రికల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. అప్పటికి 'ఆంధ్రప్రభ', 'ఆంధ్రపత్రిక' మద్రాసులోనే అచ్చవుతున్నాయి. బెజవాడలో రైలు దిగిన కట్టలు సైకిళ్ల మీద ఊళ్లకు వెళ్లేవి. 'విశాలాంధ్ర' 1952 జూన్ 22 నుంచి విజయవాడలోనే అచ్చవుతోంది. అది కమ్యూనిస్టు పార్టీ పత్రిక. ఆ మాట దాచుకోలేదు. చందాలు, విరాళాలు పోగేసి పెట్టుకున్న పత్రిక అని పాఠకుడికి తెలుసు, ఏ అద్దంలోంచి చూస్తున్నాడో తెలిసే చూసేవాడు. 'ఆంధ్రప్రభ' రామ్‌నాథ్ గోయెంకాది. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు. కౌతవరం మూలాలున్న కృష్ణా జిల్లా మనిషి, హేతువాది, ఎవరికీ జీహుజూర్ అనని కలం. ఆయన్ను మితవాది అనడం తప్పు. అయినా ఆ ఎన్నికల్లో ఆయన సంపాదకీయాలు కమ్యూనిస్టులను చీల్చి చెండాడాయి. ఆ వాదనల్లో చాలావాటితో నాకు పేచీ లేదు. మాస్కో మాట విని ఇక్కడి పార్టీ తన బాట మార్చుకోవడాన్ని నార్ల ఎత్తిచూపడం న్యాయమే. పేచీ వేరేచోట ఉంది. జనవరి 26న మాస్కో 'ప్రావ్దా' నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్ని అచ్చు వేయించి ఊరూరా పంచారు. తెల్లారితే తామే శత్రువనే పత్రిక మాట, తమకు పనికొచ్చిన నాడు వేదవాక్కయింది. ఆ పూట స్వతంత్రమని చెప్పుకునే పెద్ద పత్రికలు పార్టీ కరపత్రానికి, తమకు మధ్య ఎడం చూపించాల్సింది. భయం ఆ ఎడాన్ని మింగేసింది. పార్టీ పేరు నుదుటిన రాసుకున్న పత్రిక, రాసుకోకుండా ఒక పక్షాన నిలిచిన పత్రిక పక్కపక్కన పెడితే, సిద్ధాంతంలో నేను రెండోదానికి దగ్గరవాణ్ని. పాఠకుడికి చేసిన న్యాయంలో మొదటిదానికే మార్కులు వేస్తాను. చెప్పి వేసిన అడుగు అది.

నాలుగేళ్లు తిరగగానే 1955 గెలుపు ఖరీదు తెలిసింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. కమ్యూనిస్టులు వస్తే పోతుందన్న గట్టు, కాంగ్రెస్ తీర్మానంలోనే పోయేలా కనిపించింది. ఆ మాట రైతుకు ఎలా తగిలిందో మా ఇంట్లో నాకు తెలుసు. పేపరు మడిచి నాన్న చాలాసేపు పలక్కుండా కూర్చున్నాడు. అప్పటికి రంగా కాంగ్రెస్‌లో పెద్ద పదవిలో ఉన్నారు. అన్నీ వదులుకుని బయటికొచ్చారు. 1959 జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీని ప్రకటించారు. వెనక రాజాజీ, మీనూ మసానీ. అధ్యక్షుడు రంగా. ఇందులో ఆయన గొప్ప ఎంతో పొరపాటూ అంతే. ఆవడి నాడు అడగాల్సిన ప్రశ్న నాగపూర్ దాకా వాయిదా వేసినందుకు ఆయన సొంత జిల్లాలోనే మూల్యం చెల్లించారు.

ఇక రెండో చిత్రం, 1962.

స్వతంత్ర పార్టీ డబ్బు గురించి ఎక్కువ మాట్లాడింది రాజాజీ. ఆయన తర్కం సులువు. పరిశ్రమ పెట్టాలంటే లైసెన్సు కావాలి, సరుకు తేవాలంటే పర్మిట్ కావాలి, కోటా కావాలి. ఇవన్నీ ఇచ్చే చేయి ఒకటే. ఎన్నికలప్పుడు విరాళం అడిగేదీ అదే చేయి. అప్పుడు ఇచ్చేది విరాళం కాదు, కప్పం. పర్మిట్, లైసెన్సు, కోటా రాజ్యమని ఆయన పెట్టిన పేరు వెనక ఉన్న అసలు నేరారోపణ ఇది. ఆర్థిక విధానం మీద దెబ్బగా దాన్ని గుర్తుపెట్టుకున్నాం, ఎన్నికల డబ్బు మీద విమర్శ అని మరిచిపోయాం. ఆయన ఇంకో మాట కూడా అన్నారు. ఎన్నికలు ప్రైవేటు వ్యాపారంలా సాగుతున్నాయని, దేశంలో ముందుగా జాతీయం చేయాల్సింది వాటినేనని, ఖర్చు ప్రభుత్వమే భరించాలని. బస్సులు, బ్యాంకులు, ధాన్యం దేన్నీ జాతీయం చేయవద్దన్న మనిషి ఎన్నికలను మాత్రం చేయమన్నాడు. పైకి ఇది వైరుధ్యంలా కనిపిస్తుంది. నాకు ఆయన ఆలోచనలో ఇదే గట్టి మేకు అనిపిస్తుంది. సంతలో అమ్మేవి, అమ్మకూడనివి వేరు చేయడమే మితవాదం పని.

అయితే పార్టీ నడవాలంటే పైసలు కావాలి కదా. 1961లో జె.ఆర్.డి. టాటా నెహ్రూకు ఉత్తరం రాశారు. కాంగ్రెస్‌కు ఇస్తూనే ఉంటామని, స్వతంత్ర పార్టీకీ ఇవ్వదలిచామని, దేశానికి నికరమైన ప్రతిపక్షం ఉండాలని. ఇవ్వడం మీ ఇష్టమని, ఆ పార్టీ బలమైన ప్రతిపక్షం అవుతుందన్న ఆశ మాత్రం తనకు లేదని నెహ్రూ జవాబిచ్చారు. ఈ రెండు ఉత్తరాల మర్యాద చూస్తే ఇవాళ కళ్లు చెమరుస్తాయి. ఇచ్చేవాడు ముందే చెప్పాడు, ఎదుటి పక్షానికే చెప్పాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1957లో, కంపెనీ నిబంధనల్లో రాజకీయ విరాళాలకు చోటు పెట్టుకుంటామని టాటా ఉక్కు కంపెనీ అడిగితే బొంబాయి హైకోర్టులో జస్టిస్ చాగ్లా అనుమతి ఇస్తూనే హెచ్చరించారు. ఈ ప్రమాదం పెరిగి పెరిగి ప్రజాస్వామ్యాన్నే నులిమేయవచ్చని, పార్లమెంటు ఆలోచించాలని. 1960లో కంపెనీల చట్టానికి సవరణ వచ్చింది. విరాళానికి ఒక పరిమితి పెట్టారు, లాభనష్టాల ఖాతాలో ఎవరికి ఎంత ఇచ్చారో చూపించాలన్నారు. అంటే 1962 ఎన్నికల నాటికి ధనికుడు పార్టీకి ఇచ్చే డబ్బుకు గట్టు ఉంది, గట్టు మీద దీపం కూడా ఉంది. స్వతంత్ర పార్టీ జమీందార్ల పార్టీ, రాజుల పార్టీ, టాటాల పార్టీ అని ఎదుటివాళ్లు అనగలిగారంటే, ఎవరి డబ్బో కనిపించింది కాబట్టే. ఆ విమర్శలో నిజముంది. దాన్ని తట్టుకుని నిలబడటమే వెలుతురులో డబ్బు తీసుకున్నవాడికి తగిన శిక్ష.

వాళ్ల పత్రిక కథ చెప్పాలంటే ఒక తెలుగువాడి దగ్గర మొదలుపెట్టాలి. నెల్లూరు సీమ నుంచి వచ్చిన ఖాసా సుబ్బారావు. 1938లో 'ఆంధ్రప్రభ' పుట్టినప్పుడు తొలి సంపాదకుడు ఆయనే. అంతకుముందు ప్రకాశం పంతులు నడిపిన 'స్వరాజ్య' దినపత్రికలో పనిచేశారు. 1946లో 'స్వతంత్ర' అనే ఇంగ్లీషు వారపత్రిక, 1956లో 'స్వరాజ్య' వారపత్రిక పెట్టారు. రాజాజీ తన వాదాలన్నీ పాఠకుడి ముందు పెట్టింది ఈ 'స్వరాజ్య' పేజీల్లోనే. పార్టీ పుట్టాక రెండేళ్లకే, 1961లో, ఖాసా కన్నుమూశారు. ఆయన వెనకున్న పరంపర మనం మరిచిపోతున్నాం. ప్రకాశం పంతులు వకీలుగా సంపాదించినదంతా ఆ దినపత్రికలో పోశారు, ఆస్తి కరిగిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం డబ్బుతో 'ఆంధ్రపత్రిక'ను నిలబెట్టారు. మచిలీపట్నంలో ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో పోయేదాకా 'కృష్ణాపత్రిక' సంపాదక కుర్చీలో పేదరికంతోనే కూర్చున్నారు. అప్పుడూ పత్రికలో డబ్బు ఉంది, రాజకీయం ఉంది. ప్రవాహం దిక్కు మాత్రం వేరు. జేబులోంచి పత్రికలోకి పారేది, పత్రికలోంచి జేబులోకి కాదు.

ఇంత చెప్పాక స్వతంత్ర పార్టీ లోపం కూడా చెప్పాలి. 'స్వరాజ్య' ఇంగ్లీషు పత్రిక. బందరు కాలువ గట్టున, తెనాలి మార్కెట్ దగ్గర చదివేది తెలుగు దినపత్రిక. రాజాజీ చురకలు మద్రాసు వకీళ్లు, గుంటూరు ప్లీడర్లు చదివి మెచ్చుకున్నారు. రైతు కోసం పుట్టిన పార్టీ తన మాటను రైతు చదివే భాషలో అంత పదునుగా పెట్టలేకపోయింది. ఆపైన రాజాజీ అంటే ఆంధ్రుల్లో పాత నొప్పి ఒకటుంది. మద్రాసు నగరం ఎవరిదన్న పేచీ నాటి చేదు ఇంకా ఆరలేదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. సహకార సంఘంలో అప్పు, ఎరువుల బస్తా, ఊరికి రోడ్డు అన్నీ అధికార పక్షం గడప దాటి రావాలి. రాజాజీ తిట్టిపోసిన ఆ ఏర్పాటే ఓటరు చేయి పట్టుకుంది. 1962లో రంగా తన తెనాలి స్థానంలోనే ఓడిపోయారు. తరువాత చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. రాష్ట్ర శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు వస్తే కమ్యూనిస్టులకు 51 వచ్చాయి. మా నాన్న ఆ ఏడు స్వతంత్ర పార్టీ నక్షత్రం గుర్తుకు ఓటేశాడు. సొసైటీ ప్రెసిడెంటు గుమ్మంలో నిలబడి, "ఏం బాబాయ్, అప్పు అక్కర్లేదా?" అని నవ్వుతూ అడిగి వెళ్లడం నేను విన్నాను. నాన్న జవాబు చెప్పలేదు.

రెండు చిత్రాలూ ఎదురెదురుగా పెట్టి చూడండి. 1955లో మితవాదులకు భయం ఉంది, కూటమి ఉంది, పెద్ద పత్రికలున్నాయి, నిర్వాహకుడున్నాడు. ప్రశ్న లేదు. 1962లో ప్రశ్న తప్ప ఏమీ లేదు. 1955లో పార్టీలు తమ గొడవలు పక్కన పెట్టి కలిశాయి. దాన్ని అప్పట్లో త్యాగమన్నారు. ఎవరికోసం కలిశామో తెలిసి, ఎందుకోసం కలిశామో తెలియకపోతే అది త్యాగం కాదు, తాకట్టు. స్వతంత్ర పార్టీని ఓడిన పార్టీగా చూసే చరిత్రకారులు ఒక సంగతి దాటేస్తారు. నాగపూర్ తీర్మానం కాగితం మీదే మిగిలిపోయింది. ఉమ్మడి సేద్యం రైతు మీద పడలేదు. ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఓడారు, ప్రశ్న మాత్రం గెలిచింది. 1955లో ఇందుకు పూర్తిగా తలకిందులు.

ఆ తరువాత దీపం ఒక్కొక్కటే ఆర్పుతూ వచ్చారు. 1967లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలొచ్చాయి. 1969లో కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించారు. డబ్బు ఆగలేదు, చీకట్లోకి వెళ్లింది. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో, పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి ఖాతాలో కలపాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1955 నాటి ఆ పాత సందును మూసే తీర్పు అది. నెల తిరక్కుండా ఆర్డినెన్సు తెచ్చి దాన్ని మళ్లీ తెరిచారు. 1985లో కంపెనీ విరాళాలు తిరిగొచ్చాయి. 2017లో అసలు దెబ్బ. కంపెనీ లాభంలో 7.5 శాతమన్న పరిమితి పోయింది, ఖాతాలో పార్టీ పేరు రాయాలన్న నియమమూ పోయింది. ఎన్నికల బాండ్లొచ్చాయి. తెచ్చింది దేశంలో మితవాద పార్టీగా పేరున్న పార్టీయే. ఇది నన్ను ఎదుటిపక్షం చేసిన తప్పు కంటే ఎక్కువ బాధపెట్టింది. 1960లో నెహ్రూ కాలపు చట్టం ఉంచిన వెలుతురును, మితవాదులమని చెప్పుకునేవాళ్లు తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది. మార్చిలో బయటికొచ్చిన లెక్కల్లో, 2019 ఏప్రిల్ నుంచి, బీజేపీకి ఆరు వేల కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు. ఇంచుమించు అన్ని పక్షాలూ తీసుకున్నాయి. జె.ఆర్.డి. ఉత్తరం లాంటిది మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

ఇక పత్రికలు, చానళ్లు. 2024 మే 13న రాష్ట్రంలో 175 స్థానాలకు పోలింగ్. దానికి నెల ముందు నుంచి జిల్లా పేజీల్లో ఒక మాట తరచుగా కనిపించింది: 'ఆర్థికంగా బలమైన అభ్యర్థి'. టికెట్టు ఎవరికిస్తారన్న వార్తలో అర్హతల వరసలో మొదట ఇదే. చదువు, సేవ, వయసు తరువాత. ఆ మాట రాసిన విలేకరికి అందులో తప్పు కనిపించలేదు, చదివిన మనకూ కనిపించలేదు. 'ఖర్చు పెట్టుకోగలడా?' అని పార్టీవాళ్లు అడుగుతున్న ప్రశ్నను పత్రిక మర్యాదగల భాషలోకి మార్చింది, అంతే. రాజాజీ అమ్మకూడదన్న వస్తువు ధరను మనం వార్తలో భాగం చేసుకున్నాం. ఆ విలేకరిని తప్పుపట్టే ముందు అతని బతుకు చూడాలి. మండలంలో పనిచేసే కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, అచ్చయిన లైన్లకు లెక్కగట్టి ఇచ్చే నాలుగు రూపాయలు, ప్రకటనలు తెస్తే కమీషన్. యాడ్ టార్గెట్ నెత్తిమీద ఉంటుంది. ప్రకటన అడగాల్సింది ఎవరినో, వార్త రాయాల్సిందీ వాళ్లమీదే. 2009 ఎన్నికల తరువాత పెయిడ్ న్యూస్ మీద వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. పరంజోయ్ గుహా ఠాకుర్తా ఒకరు, కె. శ్రీనివాసరెడ్డి రెండోవారు. శ్రీనివాసరెడ్డి 'విశాలాంధ్ర' సంపాదక పీఠం నుంచి వచ్చినవారు. పేర్లతో సహా వాళ్లు రాసిన నివేదికను కౌన్సిల్ 2010లో మొదట పక్కన పెట్టి, కుదించిన దాన్నే విడుదల చేసింది. పార్టీ పత్రిక నుంచి వచ్చిన మనిషి పత్రికల సొంత చీకటి మీద దీపం పట్టాడు. ఆ దీపం పట్టాల్సింది మితవాదులమనే మేము. మాలో ఎవరూ ముందుకు రాలేదు.

ప్రభుత్వాలు చేసింది కూడా ఇదే పక్కన పెట్టి చూడాలి. ఒక ప్రభుత్వం 2022లో వాలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు 200 రూపాయలిచ్చే ఉత్తర్వు తెచ్చింది, ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019లో ప్రభుత్వం మారాక ఒక వైపు చానళ్లు కేబుల్‌లో మాయమయ్యాయి. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారాక రెండోవైపు చానళ్లు మాయమయ్యాయి. రెండుసార్లూ చానళ్లవాళ్లు న్యాయం కోసం గడప ఎక్కాల్సి వచ్చింది. మొదటిసారి బాధపడ్డవాళ్లు రెండోసారి నోరు విప్పలేదు, రెండోసారి బాధపడ్డవాళ్లు మొదటిసారి విప్పలేదు. విజయవాడ గవర్నరుపేటలో నేను రోజూ ఆగే టీ బంకు దగ్గర రెండు పేపర్లు వేస్తారు. ఒకే సభ, ఒకే రోజు. ఒకదాంట్లో జనసంద్రం ఫొటో, రెండోదాంట్లో ఖాళీ కుర్చీల ఫొటో. ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఒకాయన రెండూ పక్కపక్కన పరిచి, "సార్, ఈ కుర్చీలూ ఆ జనమూ ఒకే మైదానంలోవేనా?" అని నన్ను అడిగాడు. ఒకే మైదానంలోవే. వేళలు వేరయి ఉంటాయన్నాను. ఆయన కాసేపు చూసి రెండు పేపర్లూ మడిచి బల్ల మీద పెట్టేశాడు. 1955లో మా నాన్న పేపరు చదివి భయపడ్డాడు, కోపపడ్డాడు. ఈయన నమ్మడమే మానేశాడు. ఈ రెండోది నాకు ఎక్కువ దిగులు.

పోలింగ్ ముందురోజు రాత్రి, మే 12న, సత్యనారాయణపురంలో మా వీధిలో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. తొమ్మిదిన్నరకు గేటు చప్పుడయింది. కుర్రవాడు నాకు తెలిసినవాడే, నా దగ్గర ఇంటర్ చదివాడు. ఏ పార్టీయో ఇక్కడ రాయను, మరో గంటకు రెండో పార్టీ కుర్రవాడు కూడా వచ్చాడు. చేతిలో ఓటర్ల జాబితా జిరాక్సు కాగితాలు, క్లిప్పు పెట్టిన అట్ట, చెవిలో పెన్ను. సంచిలో కవర్లు. "మీ ఇంట్లో మూడు ఓట్లు మాస్టారూ" అన్నాడు తలవంచుకుని. వద్దు నాయనా అన్నాను. మొహమాటపడ్డాడు. కవర్లు వెనక్కి సంచిలో పెట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. "మీరు తీసుకోకపోయినా పైవాళ్లకి నేను లెక్క చెప్పుకోవాలి కదండీ" అన్నాడు. వీధి దీపం కిందకు జరిగి జాబితాలో మా పేర్లు వెతికి, మూడింటి పక్కనా మూడు టిక్కులు పెట్టుకుని, పక్కింటి గేటు తీశాడు.